విమానాశ్రయంలో వాన నీరు, హ్యాంగర్ మురుగు: ఒకదానితో ఒకటి కలవకుండా కాపాడుకునే పద్ధతి, మెట్టు మెట్టుగా

మే నెల మిట్టమధ్యాహ్నం వాన కాలువ వెంట నడవండి. ఈ పని అక్కడే మొదలవుతుంది. నెల రోజులుగా చినుకు లేదు. కాలువ అడుగున మట్టి బీటలు వారి ఉండాలి. అలాంటి కాలువలో ఏదో మూల సన్నటి ధార పారుతోందంటే అది వాన నీరు కాదు. ఎవరో ఎక్కడో కలపకూడని గొట్టాన్ని కలిపారు.

నేను పనిచేసిన ఒకచోట ఇలాంటి ధారే దొరికింది. వేళ్ళ మధ్య రుద్దితే సబ్బు జారుడు, ముక్కు దగ్గర పెట్టుకుంటే కిరోసిన్ వాసన. దాని వెంట ఎగువకు నడుచుకుంటూ పోతే, విమానాలు నిలిపి బాగుచేసే హ్యాంగర్‌కి తర్వాతెప్పుడో ఆనించి కట్టిన ఒక షెడ్డు దగ్గర తేలాం. నేల కడిగిన నీళ్ళు పోవడానికి, దగ్గర్లో కనబడిన ఛాంబర్‌లోకి గొట్టం దూర్చేశారు. డ్రాయింగులో ఆ గొట్టం లేదు. శుద్ధి ప్లాంటు రిపోర్టులు మాత్రం నెలనెలా శుభ్రంగా వస్తున్నాయి. ప్లాంటుకు చేరని నీటి సంగతి ప్లాంటు రిపోర్టు ఎలా చెబుతుంది? ఆ కాలువ చివర ఊరి చెరువు ఉంది. అందులో గేదెలు దిగుతాయి. ఆ రోజు నుంచి నా లెక్క ఒకటే: శుద్ధి యంత్రాల గురించి మాట్లాడే ముందు నీళ్ళు ఎక్కడ కలుస్తున్నాయో చూడాలి. కలవని నీటిని బాగుచేయడం తేలిక. కలిసిన నీటిని బాగుచేయడం ఖర్చు, కొన్నిసార్లు అసలు సాధ్యమే కాదు.

విమానాశ్రయంలో పర్యావరణ విభాగంలోనో, యుటిలిటీస్‌లోనో, విమానాల మరమ్మతు సంస్థలోనో కొత్తగా చేరినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఏ నీరు ఎక్కడ పుడుతోంది?

పెద్ద కాగితం మీద విమానాశ్రయం మొత్తం గీసి, నీరు పుట్టే ప్రతి చోటికీ ఒక రంగు వేయండి. టెర్మినల్ పైకప్పు మీద పడిన వాన దాదాపు శుభ్రమైనది. రన్‌వే, ట్యాక్సీవేల మీద పడేది కూడా చాలావరకు అంతే, చక్రాలు నేలను తాకే చోట పేరుకున్న రబ్బరు తప్ప. విమానాలు నిలబడి ఇంధనం నింపుకునే ఏప్రన్ మీద పడేది అనుమానపు నీరు. హ్యాంగర్, వాహనాల వర్క్‌షాపు, బ్యాటరీ గది, పెయింటు షాపు, విమానాలు కడిగే వాష్ బేలలో పుట్టేది ఫ్యాక్టరీ మురుగే. దాన్ని అలాగే చూడాలి. ఇంధనం నిల్వ చేసే ఫ్యూయల్ ఫార్మ్‌లో ట్యాంకుల అడుగు నుంచి వదిలే నీళ్ళు, అగ్నిమాపక శిక్షణ మైదానం, విమానాల మరుగుదొడ్లు ఖాళీ చేసే చోటు, ఫ్లైట్ కిచెన్, కూలింగ్ టవర్ల నుంచి వదిలే ఉప్పు నీళ్ళు, ఇవన్నీ దేనికది వేరు.

తర్వాత డ్రాయింగు పట్టుకుని ప్రతి మ్యాన్‌హోల్ మూత తీసి చూడాలి. అనుమానం ఉన్న చోట రంగు నీళ్ళు పోసి కింద ఏ ఛాంబర్‌లో తేలుతుందో కనిపెట్టండి. ఫ్లోరెసిన్ అనే రంగు పొడి చిటికెడు చాలు, ఆకుపచ్చగా మెరుస్తుంది. విమానాలు తిరిగే భాగంలో (ఎయిర్‌సైడ్) ఇది చేసే ముందు ఆపరేషన్స్ గదికి, ఫైర్ స్టేషన్‌కి ఫోను చేసి చెప్పండి. లేకపోతే ఆ పచ్చ నీళ్ళు చూసి ఏదో ఒలికిందని హడావిడి పడతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంకుడు గుంతలంటే మన దగ్గర అందరికీ మంచి అభిప్రాయం, అది న్యాయమే. కానీ ఏప్రన్ నీటిని ఇంకుడు గుంతలోకి మళ్ళించకూడదు. పైకప్పు నీళ్ళు పంపండి, తోటల నీళ్ళు పంపండి. ఇంధనం, హైడ్రాలిక్ ద్రవం పడే కాంక్రీటు మీది నీటిని భూమిలోకి దింపితే, భూగర్భ జలంలోకి మన చేతులతో మనమే విషం పోసినట్టు. శంషాబాద్ లాంటి చోట కింద పగుళ్ళ రాతి నేల. దక్కన్ గ్రానైట్ పగుళ్ళలో దూరిన నూనె ఏ బోరులో తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

రెండో మెట్టు: వాన లెక్క

వాన ఎంత నీరు తెస్తుందో చాలామందికి అంచనా ఉండదు. శంషాబాద్ రన్‌వే పొడవు 4,260 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఒక్క పట్టీ మీదే సుమారు 1.28 కోట్ల లీటర్లు. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో 24 గంటల్లో 190 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. ఇంత నీటిని శుద్ధి చేయగల ప్లాంటు ఎవరూ కట్టలేరు, కట్టనవసరం కూడా లేదు.

లెక్క ఇలా వేయండి. కాలువలో సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లు వస్తాయో కావాలంటే, గంటకు పడే వానను మిల్లీమీటర్లలో, విస్తీర్ణాన్ని హెక్టార్లలో తీసుకుని, రెండింటినీ గుణించి, నేల పీల్చుకోకుండా వదిలే భాగంతో మళ్ళీ గుణించి, 360తో భాగించాలి. కాంక్రీటుకు ఆ భాగం 0.9. పది హెక్టార్ల ఏప్రన్ మీద గంటకు 60 మిల్లీమీటర్ల జోరున కురిస్తే 1.5 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు 1,500 లీటర్లు. ఆ ధాటికి నూనె వేరుచేసే తొట్టి ఏదీ ఆగదు.

అయితే మురికి వాన మొత్తంలో సమానంగా ఉండదు. రోజుల తరబడి నేల మీద పేరుకున్న చమురు, బ్రేకుల పొడి, రబ్బరు నలుసు, దుమ్ము మొదటి జల్లుకే కొట్టుకొస్తాయి. మన ఊళ్ళలో తొలకరికి రోడ్డు మీద బండ్లు జారిపడేది అందుకే కదా. మొదటి 20 మిల్లీమీటర్ల వానను పట్టి ఉంచాలని నిర్ణయించుకుంటే, పది హెక్టార్ల ఏప్రన్‌కు 18 లక్షల లీటర్ల తొట్టి సరిపోతుంది. ఆ తర్వాత వచ్చేది పక్కదారి కాలువలో వెళ్ళిపోవచ్చు. పట్టిన 18 లక్షల లీటర్లను 48 గంటల్లో నిదానంగా వదిలితే గంటకు 37.5 ఘనపు మీటర్లు. వాన జోరు మీద వచ్చే ధారలో ఇది 144వ వంతు. ఇప్పుడు మామూలు పరిమాణంలో ఉన్న తొట్టి కూడా తన పని తాను చేయగలదు.

48 గంటలు ఊరికే చెప్పలేదు. నీరు నిలిస్తే కొంగలు, చెరువు కాకులు వచ్చి వాలతాయి. విమానం ఇంజన్‌లో పక్షి పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు కూడా రన్‌వేల దగ్గరి వాన నీటి కొలనులు 48 గంటల్లో ఖాళీ కావాలనే చెబుతాయి. వీలైతే భూమిలో కప్పు వేసిన ట్యాంకు కట్టండి. ఖాళీ లేక బయట కొలను తవ్వాల్సి వస్తే గట్లు నిటారుగా ఉంచండి, వల కప్పండి, గడ్డి మొలవనివ్వకండి.

మూడో మెట్టు: గేటు

ప్రతి ఏప్రన్ కాలువ చివర మూసే గేటు ఉండాలి. ఇంధనం ఒలికిన రోజున ఊరికీ విమానాశ్రయానికీ మధ్య ఉండేది ఆ ఇనుప పలక ఒక్కటే. ఆడిట్‌కి వెళ్ళినప్పుడు నేను ముందు అడిగేది, ఆ గేటు చక్రాన్ని నా ఎదుట తిప్పమని. తుప్పు పట్టి కదలని చక్రాలు ఎన్నో చూశాను. కదిలినా, మూసుకోవడానికి ఎన్ని చుట్లు పడుతుందో అక్కడున్నవాళ్ళకు తెలియదు. చుట్ల సంఖ్యను, మూసే దిక్కును బాణం గుర్తుతో చక్రం పక్కనే పెయింటుతో రాయించండి. రాత్రి రెండు గంటలకు వానలో, టార్చిలైటు వెలుగులో ఆ గేటు దగ్గరకు పరిగెత్తేవాడికి ఆ రెండు ముక్కలే దిక్కు.

మోటారు గేట్లు పెట్టి, నీటిలోని కర్బనాన్ని నిరంతరం కొలిచే మీటరుతో కలిపి నడిపే పద్ధతి పెద్ద విమానాశ్రయాల్లో ఉంది. నీరు శుభ్రంగా ఉంటే కాలువకు, చెడితే తొట్టికి దానంతట అదే మళ్ళుతుంది. మంచిదే. కానీ కరెంటు పోతే గేటు ఏ స్థితిలో ఆగిపోతుందో ముందే తెలుసుకోండి. మూసిన స్థితిలో ఆగితే ఏప్రన్ మునుగుతుంది, తెరిచిన స్థితిలో ఆగితే నూనె పోతుంది. రెండింట్లో ఏది నయమో కూర్చుని తేల్చుకోవాల్సింది ఎండాకాలంలో.

నాలుగో మెట్టు: నూనె వేరుచేసే తొట్టి. అది చేయగలిగేది, చేయలేనిది

ఈ తొట్టి మీద మనవాళ్ళకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ నమ్మకం ఉంది. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

తొట్టి పని సూటిగా ఉంటుంది. నూనె నీటికంటే తేలిక, నిదానంగా పోనిస్తే పైకి తేలుతుంది. జెట్ ఇంధనం సాంద్రత ఘనపు మీటరుకు 775 నుంచి 840 కిలోలు. 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్క మన వాతావరణంలో సెకనుకు సుమారు 2.9 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. మీటరు లోతు తొట్టిలో అడుగు నుంచి పైకి రావడానికి ఆరు నిమిషాలు. బాగానే ఉంది. అదే చుక్క పది మైక్రాన్లకు చితికిపోతే? లేచే వేగం చుక్క వ్యాసపు వర్గాన్ని బట్టి పడిపోతుంది కాబట్టి 225వ వంతుకు దిగుతుంది. అదే మీటరుకు 21 గంటలకు పైగా పడుతుంది. అంతసేపు నీరు తొట్టిలో ఉండదు.

చుక్కను అలా చితకగొట్టేవి రెండు. ఒకటి సెంట్రిఫ్యూగల్ పంపు. తొట్టిలోకి నీటిని ఎత్తి పోయాల్సి వస్తే, వాలుతో పారేలా మార్చగలరేమో ముందు చూడండి. కుదరకపోతే నెమ్మదిగా తిరిగే స్క్రూ పంపు వాడండి. రెండోది సబ్బు. విమానం కడిగిన నీళ్ళు, జిడ్డు వదిలించే డీగ్రీజర్ కలిసిన నీళ్ళు ఈ తొట్టిలోకి వచ్చాయంటే పాలలా తెల్లబడతాయి, ఇక దేన్నీ వేరుచేయలేరు. అంతకుముందు వేరుపడి పైన తేలుతున్న నూనెను కూడా ఆ సబ్బు కరిగించి బయటికి తీసుకుపోతుంది. కాబట్టి వాష్ బే గొట్టాన్ని ఈ తొట్టికి కలపకూడదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. విమానాల హైడ్రాలిక్ వ్యవస్థలో వాడే స్కైడ్రాల్ నీటిమీద తేలదు. ఊదా రంగులో ఉండే ఆ ఫాస్ఫేట్ ఎస్టర్ ద్రవం సాంద్రత నీటితో సమానం, లేదా కాస్త ఎక్కువ. జెట్ ఇంజన్ ఆయిలు కూడా అంతే, నీటి సాంద్రతకు అతి దగ్గర. నూనె కదా, తేలుతుందిలే అనుకుని తొట్టి పైన మాత్రమే చూస్తే ఇవి మధ్యలోంచో, అడుగు నుంచో జారుకుంటాయి. కాబట్టి ఈ రెండూ నేల మీదే గుడ్డతో, పీల్చే పొడితో ఎత్తేయాల్సిన సరుకులు. నీటిలో పడ్డాక పట్టుకోవచ్చన్న ఆశ పెట్టుకోకండి.

యూరప్ ప్రమాణం ఈఎన్ 858 ప్రకారం మొదటి తరగతి తొట్టి పరీక్షలో లీటరుకు 5 మిల్లీగ్రాముల నూనె వరకే వదలాలి, రెండో తరగతి 100 మిల్లీగ్రాముల వరకు వదలవచ్చు. మన దగ్గర నదులు, చెరువుల్లోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే చుక్కల్ని కలిపే జల్లెడ పలకలున్న మొదటి తరగతి తొట్టి కొనాల్సిందే. రెండో తరగతితో మన హద్దు దాటుతుంది.

కొన్న తర్వాత దాని బాగోగులు చూడాలి. పైన పేరుకున్న నూనె మందాన్ని, అడుగున బురద ఎత్తును ప్రతి వారం కర్రతో కొలిచి రాయండి. నీటి జాడ చూపించే పేస్టు దొరుకుతుంది, కర్రకు పూసి దింపితే నూనె ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో రంగు మారి చూపిస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున తొట్టి పైనున్న నూనెనంతా ముందే తోడించేయాలి. 2015 డిసెంబరులో అడయారు పొంగి చెన్నై విమానాశ్రయం, 2018 ఆగస్టులో వరదతో కొచ్చి విమానాశ్రయం రోజుల తరబడి మూతపడ్డాయి. దిగువ కాలువ నిండి నీరు వెనక్కు తంతే, తొట్టిలో నెలల తరబడి దాచిన నూనె ఒక్క గంటలో తేలి వెళ్ళిపోతుంది. వెనక్కు తన్నకుండా ఫ్లాప్ వాల్వు పెట్టించండి. విశాఖ లాంటి పల్లపు, గెడ్డల పక్కన ఉన్న చోట్ల ఇది తప్పనిసరి అనే నేనంటాను.

అయిదో మెట్టు: ఒలికిన మొదటి పది నిమిషాలు

జెట్ ఇంధనం 38 డిగ్రీల వేడికే అంటుకునే ఆవిరి వదలవచ్చు. వేసవిలో ఏప్రన్ కాంక్రీటు అంతకంటే చాలా వేడెక్కి ఉంటుంది. కాబట్టి ముందు మనుషుల్ని తప్పించాలి, ఇంధనం నింపడం ఆపాలి, ఫైర్ స్టేషన్‌కి చెప్పాలి. కాలువ గేటు మూయడం అదే సమయంలో ఇంకొకరి పని. ఇద్దరి పేర్లూ ఆ షిఫ్టు చార్టులో ముందే రాసి ఉండాలి.

తర్వాత అందరికీ చేయి ఆగని పని ఒకటుంది. నీళ్ళ గొట్టం పట్టుకుని నేల కడిగేయడం. ఏప్రన్ శుభ్రంగా కనబడుతుంది, విమానం నిలిచే చోటు త్వరగా ఖాళీ అవుతుంది. కానీ ఆ ఇంధనం కాలువలోకి పోయింది, ఆవిరి మూసిన కాలువలో నిండింది, ఇప్పుడు ప్రమాదం కనబడని చోట ఉంది. కడగకండి. చుట్టూ పీల్చే గొట్టపు దిండ్లు పేర్చండి, కాలువ జాలీల మీద రబ్బరు మ్యాట్ పరచండి, మధ్యలో పీల్చే పొడి చల్లి ఊడ్చి ఎత్తండి. ఇంధనానికి తెల్ల ప్యాడ్లు వాడండి, అవి నూనెను పీల్చి నీటిని వదిలేస్తాయి. స్కైడ్రాల్‌కు, బ్యాటరీ యాసిడ్‌కు వేరే కిట్ ఉండాలి. యాసిడ్ కిట్‌లో రంపపు పొట్టు పెట్టకండి.

ఒక్క లీటరు ఇంధనం నీటిమీద ఇంద్రధనుస్సు రంగులు కనబడేంత పలుచగా పరుచుకుంటే మూడు వేల చదరపు మీటర్లకు పైగా కప్పుతుంది. చెరువు మీద రంగులు చూసి ఊరివాళ్ళు ఫోను చేస్తే కంగారుపడి అబద్ధం చెప్పకండి, అలాగని తక్కువ చేసి కూడా మాట్లాడకండి. వెంటనే మనిషిని పంపి నమూనా తీయించండి.

ఆరో మెట్టు: హ్యాంగర్ మురుగు

విమానం మరమ్మతు చేసే చోట పుట్టే నీళ్ళు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపల మాత్రం బద్ధ శత్రువులు. ప్రైమర్లలో, అల్యూమినియం పూతల్లో క్రోమియం ఉంటుంది. కాడ్మియం పూత వేసే తొట్టెల్లో చాలాచోట్ల సయనైడ్ వాడతారు. క్రోమియం నీటిని శుద్ధి చేయాలంటే ముందు యాసిడ్ పోయాలి. ఆ యాసిడ్ సయనైడ్ నీటిని తాకిందా, హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది, ఆ గదిలో ఉన్నవాళ్ళ ప్రాణాలు పోతాయి. కాబట్టి ఈ రెండు గొట్టాలు, రెండు సంపులు, రెండు పంపులు పూర్తిగా వేరుగా ఉండాలి. మధ్యలో వాల్వు పెట్టి, మూసి ఉంచుతాంలే అంటే ఒప్పుకోవద్దు.

సయనైడ్ నీటిని పీహెచ్ 10కి పైన ఉంచి హైపోక్లోరైట్‌తో విరగ్గొట్టాలి. క్రోమియం సంగతి కళ్ళతో చూసి నేర్చుకోదగినది. బీకరులో పసుపు నీళ్ళు తీసుకోండి, పలుచటి పసుపు కలిపినట్టు ఉంటాయి. అది ఆరు వేలెన్సీ క్రోమియం, క్యాన్సర్ తెచ్చేది. సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్‌ను 2, 3 మధ్యకు దింపి, సోడియం మెటాబైసల్ఫైట్ కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. అగ్గిపుల్ల ఆర్పినప్పటి గంధకం ఘాటు ముక్కుకు తగులుతుంది, కాబట్టి ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కింద చేయండి. చూస్తూ ఉండగానే పసుపు కాస్త చిలకపచ్చ మీదుగా ముదురు ఆకుపచ్చకు తిరుగుతుంది. మూడు వేలెన్సీకి దిగిందన్నమాట. ఇప్పుడు సున్నం వేసి పీహెచ్‌ను 8, 9 మధ్యకు తెస్తే పచ్చటి తుంపులు తుంపులుగా విరిగి, అరగంటలో అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని పరీక్షకు పంపండి. హద్దులు ఇవి: ఆరు వేలెన్సీ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము, మొత్తం క్రోమియం 2 మిల్లీగ్రాములు. రంగు పూర్తిగా తిరగకముందే సున్నం వేస్తే పసుపు అలాగే నీటిలో ఉండిపోతుంది. ప్లాంట్లలో జరిగే పొరపాటు ఎక్కువగా ఇదే, తొందర.

సబ్బు నీళ్ళకు, పెయింటు తీసిన నీళ్ళకు పటిక, పాలిమర్ వేసి తేరబెట్టాలి. మోతాదు రోజూ మారుతుంది కాబట్టి జార్ టెస్ట్ మానొద్దు: ఆరు బీకర్లు, ఆరు మోతాదులు, ఒక నిమిషం వేగంగా, ఇరవై నిమిషాలు నెమ్మదిగా కలిపి, అరగంట వదిలి చూడటం. గుబురుగా, బరువుగా దిగిన బీకరు ఏదో కంటికే తెలుస్తుంది. తర్వాత ఇసుక, కార్బన్ ఫిల్టర్లు. పెయింటు పొట్టును మాత్రం నీటితో కడగకుండా పొడిగానే ఎత్తించగలిగితే సగం భారం తగ్గుతుంది.

ఏడో మెట్టు: మరుగుదొడ్ల నీరు, వంటగది

విమానం టాయిలెట్ ట్యాంకుల్లోని నీలం నీళ్ళలో క్రిములను చంపే మందు ఉంటుంది. మన ప్లాంటును నడిపేది కూడా క్రిములే. ట్యాంకరు మొత్తాన్ని ఒక్కసారిగా పోస్తే బ్యాక్టీరియా చచ్చిపోయి, ప్లాంటు కోలుకోవడానికి రోజులు పడుతుంది. వేరే తొట్టిలో పట్టి, రోజంతా సన్నటి ధారగా వదలండి. ప్లాంటులో గాలి ఊదే తొట్టి నుంచి లీటరు కొలజాడీలో నీళ్ళు పట్టి అరగంట పెట్టి చూడటం ఏ షిఫ్టులోనూ ఆపకండి. బురద గోధుమ రంగులో కుదురుగా దిగితే ఆరోగ్యం. నల్లబడినా, పైకి తేలినా ఏదో తేడా వచ్చిందన్నమాట, ఎవరైనా ఏదైనా పోశారేమో చూడండి. ఫ్లైట్ కిచెన్‌కు గ్రీజు ట్రాప్ పెట్టి, వేడి నీళ్ళు ట్రాప్‌లోకి రాకుండా చూసి, వారానికొకసారి తీయించండి. అంతే.

ఎనిమిదో మెట్టు: అగ్నిమాపక నురుగు

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ఇంధన మంటల్ని ఆర్పే పాత రకం నురుగులో కర్బనం, ఫ్లోరిన్ బంధాలున్న రసాయనాలు ఉంటాయి. పీఫాస్ అంటారు. వాటిని మన ప్లాంటులోని బ్యాక్టీరియా విరగ్గొట్టలేదు. శుద్ధి ప్లాంటులో ఈ చివర లోపలికెళ్ళి ఆ చివర చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి. ప్రమాదకర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందంలో పీఫాస్ జాతికి చెందిన పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో, పీఎఫ్‌ఓఏను 2019లో చేర్చారు. 2024లో అమెరికా ఈ రెండింటికీ తాగునీటిలో పెట్టిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్ల వంతు ఒక నానోగ్రాము. 2019 జూన్‌లో అమెరికా కనెటికట్ రాష్ట్రంలోని బ్రాడ్లీ విమానాశ్రయంలో ఒక హ్యాంగర్ అగ్నిమాపక వ్యవస్థ పొరపాటున తెరుచుకుని, లక్ష లీటర్లకు పైగా నురుగు నీరు కారింది. కొంత ఫార్మింగ్టన్ నదికి చేరింది. అక్కడ మంటే లేదు.

చేయాల్సింది ఇది. శిక్షణకు, వాహనాల పరీక్షకు ఫ్లోరిన్ నురుగు వాడటం ఈ రోజే ఆపండి. ఫ్లోరిన్ లేని నురుగుకు మారేటప్పుడు పాత ట్యాంకును ఒకసారి కడిగితే సరిపోదు, గోడలకు అంటినది నెలల తరబడి వస్తూనే ఉంటుంది. కడిగిన నీళ్ళు కూడా పట్టి దాచాలి. హ్యాంగర్ నేల కాలువకు నురుగు కోసమే ఒక అత్యవసర ట్యాంకు ఉండాలి, నూనె తొట్టికి దారి ఉండకూడదు. పట్టిన నీటిని కార్బన్ మీద గానీ అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ మీద గానీ పట్టించి, ఆ కార్బన్‌ను వెయ్యి డిగ్రీలకు పైన కాల్చే చోటికి పంపాలి. శిక్షణ మైదానం కింద మట్టిని, చుట్టుపక్కల బోర్లను ఇప్పుడే పరీక్ష చేయించి పెట్టుకోండి. పాతికేళ్ళుగా అక్కడ నురుగు పోశారంటే అది ఎక్కడికీ పోయి ఉండదు.

చలి దేశాల్లో మంచు కరిగించే గ్లైకాల్ ఇంత పెద్ద తలనొప్పి. లే, శ్రీనగర్‌లలో తప్ప మనకు ఆ బాధ లేదు. డెన్వర్‌లోనో, షికాగోలోనో పనిచేసే మనవాళ్ళకు మాత్రం చలికాలపు పనంతా అదే. కిలో గ్లైకాల్ పూర్తిగా కుళ్ళడానికి కిలోకు పైగా ప్రాణవాయువు కావాలి, వాగులో చేపలకు మిగలదు.

తొమ్మిదో మెట్టు: అనుమతులు, నమూనాలు

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) నుంచి కట్టే ముందు స్థాపన అనుమతి (సీఎఫ్‌ఈ), నడిపే ముందు నిర్వహణ అనుమతి (సీఎఫ్‌ఓ) తీసుకోవాలి. పీసీబీ మీకిచ్చిన కాగితంలో రాసిన హద్దులే మీ హద్దులు. సాధారణంగా చెరువులు, వాగుల్లోకి వదిలే నీటికి పీహెచ్ 5.5 నుంచి 9, నీటిలో కరగకుండా కలిసి ఉండే మలినాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు, బీఓడీ (మలినాన్ని తినడానికి క్రిములకు కావలసిన ప్రాణవాయువు) 30, సీఓడీ (అదే మలినాన్ని రసాయనాలతో విరగ్గొట్టడానికి కావలసిన ప్రాణవాయువు) 250. నూనె బురద, క్రోమియం బురద, వాడిన ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. 90 రోజులకు మించి దాచకూడదు. మేనిఫెస్టు, అంటే రవాణా చీటీ, లేకుండా డ్రమ్ము గేటు దాటకూడదు. ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలున్న తెలంగాణలోని దుండిగల్‌కో, ఆంధ్రలోని పరవాడకో చేరినట్టు తిరుగు కాగితం వచ్చేదాకా ఆ డ్రమ్ము బాధ్యత మీదే.

నమూనా తీయడంలో చిన్న తప్పు రిపోర్టంతా చెడగొడుతుంది. నూనె పరీక్షకు వెడల్పు మూతి గాజు సీసానే వాడాలి, ప్లాస్టిక్ గోడలకు నూనె అంటుకుపోతుంది. సీసాను ఆ నీటితో తొలవకూడదు, ఒక్కసారే నింపాలి, నిండా పొర్లనివ్వకూడదు, యాసిడ్ వేసి పీహెచ్ 2 కిందికి దింపి ఐసు పెట్టెలో పెట్టాలి. పీఫాస్‌కు మాత్రం తిరగేసి చేయాలి: గాజు వద్దు, పాలీప్రొపిలీన్ సీసా, టెఫ్లాన్ తగలకూడదు. వాన నీటి నమూనా మొదటి అరగంటలో తీయాలి. వాన వెలిశాక తాపీగా వెళ్ళి తీసిన నమూనా అందంగా ఉంటుంది, ఏమీ చెప్పదు.

పదో మెట్టు: నైరుతి రాకముందు

మే మూడో వారంలో ఒకరోజు కేటాయించండి. కాలువల పూడిక తీయించి, గేట్లన్నీ మూసి తెరిచి, గ్రీజు పెట్టించండి. నీళ్ళ ట్యాంకరుతో అయిదు వేల లీటర్లు ఏప్రన్ మీద పోయించి, అది ఇంధనమే అనుకుని ఫోను చేసిన క్షణం నుంచి గేటు మూసుకునే దాకా గడియారం పెట్టి చూడండి. ముందు చెప్పకుండా, రాత్రి షిఫ్టులో చేయండి. నీరు గేటు దగ్గరకు చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, మనిషి చేరడానికి ఎన్ని పట్టిందో రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. మనిషి వెనకబడితే ఇంకో గేటు ఎగువన పెట్టాలి, లేదా తాళంచెవి గేటుకు దగ్గర్లో ఉండే గ్రౌండ్ హ్యాండ్లింగ్ వాళ్ళ దగ్గర ఉంచాలి. కోస్తాలో ఉన్నవాళ్ళు అక్టోబరు తుపాన్ల ముందు ఇదంతా మళ్ళీ ఒకసారి చేయాలి. ఆ రోజు పోసిన నీళ్ళు ఏ ఛాంబర్‌లో తేలాయో డ్రాయింగులో గుర్తు పెట్టి, పాత ప్రతిని తీసేసి, కొత్తది కంట్రోల్ రూమ్ గోడకు అంటించండి.